రంది అంటే చీటీ మీద ఏం రాయాలి?

అందరికీ నమస్కారం. డ్యూటీలు సర్దుకుని, ఎల్బీనగర్ నుంచి, పటాన్‌చెరు నుంచి రెండేసి బస్సులు మారి వచ్చినవాళ్లు ఉన్నారు, కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. నేను సైకియాట్రిస్టుని కాదు, జనరల్ మెడిసిన్ డాక్టర్ని. ఇరవై ఏళ్లు దాటింది ఓపీ చూడబట్టి. కొన్నేళ్లుగా సైకియాట్రీ వాళ్లతో కలిసి పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం), బస్తీ దవాఖానా డాక్టర్లకు, నర్సులకు, ఆశాలకు మానసిక జబ్బుల గురించి శిక్షణ ఇస్తున్నాను. ఈ పనిలోకి ఎందుకొచ్చానో ముందు చెప్పాలి.

ఒకరోజు ఓపీకి ఒకామె వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, ఇళ్లల్లో పని చేసుకుంటుంది. చేతిలో చీరల షాపు కవరు, దాని నిండా రిపోర్టులు. నాలుగు ఈసీజీలు, రెండు టూడీ ఎకోలు, ఒక ఎండోస్కోపీ, అన్నీ నార్మలే. "గుండెల బుగులు బుగులు అయితుంది సారూ, నడిరాత్రి తెలివొస్తది, మల్ల నిద్ర రాదు, పానమంత గుంజుతది" అంది. నేను ఈసీజీలు టేబుల్ మీద పరుచుకుని చూశాను, బీపీ చూశాను, "ఏం లేదమ్మా, గ్యాస్ అయ్యుంటుంది, టెన్షన్ పడకు" అని గ్యాస్ మాత్ర ఒకటి, నిద్రకు పది రోజులకు ఆల్‌ప్రజోలం రాశాను. కుర్చీలోంచి లేస్తూ ఆమె ఇంకో మాట అంది. "బిడ్డ పోయినకాడి నుంచే సారూ, గా రందితోని."

రంది అంటే మనసును తొలిచే దిగులు. నాకు ఆ మాట వినపడింది. బయట ఇంకా అరవై మంది ఉన్నారని తర్వాతి టోకెన్ పిలిచాను.

మూడు నెలలకు ఆమెను మళ్లీ చూశాను, ఎమర్జెన్సీ వార్డులో. ప్రాణం తీసుకోబోయింది, అదృష్టం కొద్దీ దక్కింది. మంచం పక్కన ఆమె చెల్లెలు అదే చీరల షాపు కవరు పట్టుకుని నిలబడి ఉంది, అందులో నా చీటీ కూడా ఉంది, మడతల దగ్గర చిరిగిపోయి. పది రోజులకని నేను రాసిన ఆల్‌ప్రజోలం ఆ చీటీ చూపించి మూడు నెలలూ మెడికల్ షాపులో కొనుక్కుంటూనే ఉంది. ఆమె జబ్బుకు మందు మాత్రం ఒక్కరోజు కూడా అందలేదు.

మేం ఎంబీబీఎస్ చదివినప్పుడు సైకియాట్రీకి విడిగా పరీక్ష పేపరే లేదు, జనరల్ మెడిసిన్‌లో ఒక ముక్క. పరీక్షలో రాదనుకున్నది ఎవరు చదువుతారు? గుండెపోటు ఈసీజీ చూసి అర నిమిషంలో చెప్పగలిగేవాణ్ని, ఎదురుగా కూర్చుని ఒక తల్లి డిప్రెషన్ గురించి తన మాటల్లో చెప్తుంటే గ్యాస్ అని రాశాను. ఇది నా ఒక్కడి సంగతి కూడా కాదు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో, పెద్దవాళ్లలో నూటికి దాదాపు 11 మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. వాళ్లలో వైద్యం అందనివాళ్లు, జబ్బును బట్టి, నూటికి 70 నుంచి 92 మంది దాకా ఉన్నారు. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ కూడా లేదు. మన దగ్గర తక్కువ ఉంటుందని అనుకోవడానికి నాకైతే కారణమేమీ కనపడదు.

ఆ వైద్యం అందనివాళ్లంతా ఇంట్లో కూర్చుని ఉన్నారనుకోకండి. మన దగ్గరికే వస్తున్నారు. తలనొప్పి అని, అరికాళ్ల మంటలని, నరాల బలహీనత అని, "బలానికి సూది వేయండి, గ్లూకోజు ఎక్కించండి" అని వస్తున్నారు. అందుకే నా శిక్షణ జబ్బుల పేర్లతో మొదలవ్వదు, మాటలతో మొదలవుతుంది. మన దగ్గర దిగులును రంది అంటారు, భయాన్ని, గాబరాను బుగులు అంటారు, మనసు మనసులో లేదంటారు. పాతబస్తీలో అయితే "దిల్ ఘబ్రారా" (గుండె గాబరాగా ఉంది), "ఫికర్ లగ్ గయీ" (దిగులు పట్టుకుంది) అంటారు. కూకట్‌పల్లి వైపు కోస్తా నుంచి వచ్చినవాళ్లు గుండె దడగా ఉందనో, ఏదోలా ఉంటోందనో అంటారు. డిప్రెషన్ వచ్చింది సార్ అని చెప్పేవాళ్లు మన ఓపీలకు ఎంతమంది వస్తారు చెప్పండి. ఈ మాటలు ఆశా అక్కలకు తెలుసు, నర్సులకు తెలుసు, వాళ్లు ఇంటికెళ్తే మాట్లాడేది ఇవే మాటలు. ఆసుపత్రి గుమ్మం దాటగానే వీటిని పక్కన పెట్టేయాలని మనమే వాళ్లకు నేర్పాం. ఇందులో ఎక్కువ తప్పు డాక్టర్లదే.

రంది అని వినపడితే ఏం చేయాలి? రెండు ప్రశ్నలు అడగండి. రెండు వారాలుగా మనసు బరువుగా, దిగులుగా ఉంటోందా? ఇంతకుముందు ఇష్టంగా చేసిన పనుల మీద ఇప్పుడు మనసు పోతోందా, లేదా? మామూలుగా సీరియల్ చూస్తుందా, బోనాలకు పుట్టింటికి వెళ్లిందా, ఇలా అడిగినా సరే. ఈ రెండింటిలో ఒక్కదానికైనా అనుమానం తగిలితే నిద్ర, ఆకలి, నీరసం, పనికిరాననే ఆలోచన, ఇవన్నీ అడగాలి. థైరాయిడ్, రక్తహీనత చూడటం మర్చిపోవద్దు, అవి కూడా ఇలాగే కనిపిస్తాయి. బిడ్డ పోయిన దుఃఖం జబ్బు కాదు, ఏడ్చే ప్రతి మనిషికీ మాత్ర రాయమని నేను చెప్పట్లేదు. కానీ నెలలు గడిచినా మనిషి తేరుకోకుండా ఇంకా ఇంకా కుంగిపోతుంటే, అది దుఃఖంతో పాటు డిప్రెషన్ కూడా కావచ్చు, దానికి వైద్యం ఉంది.

ఇక అందరూ అడగడానికి వెనకాడే ప్రశ్న. పోయినసారి బ్యాచ్‌లో ఒక స్టాఫ్ నర్సు, పదిహేనేళ్ల సర్వీసు ఉన్నావిడ, పేషెంటుగా నటిస్తున్న ఇంకో నర్సు ఎదురుగా కూర్చుంది. నిద్ర గురించి అడిగింది, ఆకలి గురించి అడిగింది, అక్కడ ఆగిపోయింది. పెన్ను మూత తీస్తుంది, పెడుతుంది. "అడగండి సిస్టర్" అన్నాను. "ఎట్ల అడగాలి సార్, లేని ఆలోచన నేనే పెట్టినట్టయితది కదా" అంది. ఈ భయం చాలామందికి ఉంది, నాకూ ఉండేది. అడగడం వల్ల చచ్చిపోవాలనే ఆలోచన పుట్టదు. ఇది అధ్యయనాల్లో మళ్లీ మళ్లీ తేలిన విషయం. లోపల ఆ ఆలోచనతో నలిగిపోతున్న మనిషికి, ఎవరో ఒకరు అడిగారనేదే ఊరట. ఆవిడ కాసేపు ఆలోచించి, తన మాటల్లోనే ఇలా అడిగింది: "ఇంత బాధలో ఉన్నవు కదమ్మా, ఇగ బతుకుడెందుకని ఎప్పుడన్న అనిపించిందా?" ఇంతకన్నా బాగా అడగడం నాకు రాదు. ఔనంటే ఆ మనిషిని ఒంటరిగా పంపకూడదు. ఇంటివాళ్లను పిలిపించాలి, పురుగుమందులు, మాత్రలు అందకుండా దాచమని చెప్పాలి, అదేరోజు సైకియాట్రీకి చేర్చాలి. టెలిమానస్, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, నంబరు 14416 మీ ఓపీ గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉండాలి. తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ అక్కర్లేదు.

పోలీసు కేసవుతుందనే భయంతో ఇంటివాళ్లు అబద్ధం చెప్తారు, "పొరపాటున తాగింది" అంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, శిక్షించకూడదు. ఈ సంగతి ఇంటివాళ్లకు చెప్పండి.

మందుల విషయం. డిప్రెషన్‌కు ఇచ్చే ఫ్లుఆక్సెటిన్ లాంటి మాత్రలు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మొదటి వారంలో కడుపులో వికారం, కొంచెం గాబరా ఉండొచ్చు. ఈ ముక్క ముందే చెప్పకపోతే ఐదో రోజుకు "పడతలేవు" అని మానేస్తారు, తప్పు మనది. తగ్గాక కూడా తొమ్మిది నెలలు, ఏడాది వాడాలి. రాసే ముందు, ఎప్పుడైనా నిద్ర లేకపోయినా అలుపు లేకుండా, అతి హుషారుగా, చేతికొచ్చినట్టు ఖర్చు పెడుతూ ఉన్న రోజులున్నాయా అని ఇంటివాళ్లను అడగండి, అది బైపోలార్, అంటే కొన్నాళ్లు అతి హుషారు, కొన్నాళ్లు కుంగుబాటు వచ్చే జబ్బు, అయితే ఒక్క ఈ మాత్రతో మనిషి అదుపు తప్పొచ్చు. ఆల్‌ప్రజోలం అలవాటు చేయొద్దు.

ఆ మందు ఇంకో దారిలో కూడా వస్తుంది, కల్తీ కల్లులో. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కు వైన్‌షాపులు, కల్లు కాంపౌండ్లు మూతపడ్డాయి, కొద్దిరోజులకే చేతులు వణుకుతూ, లేనివి కనిపిస్తున్నాయంటూ, ఫిట్స్‌తో జనం ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి బారులు తీరారు. "పిచ్చి లేచింది" అనుకుని తీసుకొచ్చారు. అది ఉన్నట్టుండి మానేయడం వల్ల వచ్చే ప్రమాదం, ప్రాణం పోవచ్చు. వార్డులో ఏ పేషెంటైనా చేరిన రెండో రోజో మూడో రోజో మాటలు తడబడి గాల్లో ఏవో ఏరుతుంటే, తాగుడు గురించి ఇంటివాళ్లను అడగండి, గ్లూకోజు ఎక్కించే ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇవ్వండి.

ఎర్రగడ్డ అంటే మన ఊళ్లో తిట్టు అయిపోయింది. స్టాఫ్ రూముల్లో కూడా వింటుంటాను, దయచేసి ఆ మాట మానేయండి. అటు రెఫర్ చేస్తే పేషెంటు వెళ్లకపోవడానికి ఆ మాటే కారణమవుతోంది.

ఈ శిక్షణలు కొత్తవేమీ కావు. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లోనే వచ్చింది, జిల్లా స్థాయి కార్యక్రమం 1996లో మొదలైంది. రాసుకున్న లక్ష్యాలు బాగున్నాయి. కానీ ఒకరోజు హాల్లో స్లైడ్లు చూపించి, భోజనం పెట్టి, సర్టిఫికెట్ ఇచ్చి పంపితే మర్నాడు ఓపీలో ఏమీ మారదు, మళ్లీ గ్యాస్ మాత్రే. గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం ఏం చేసిందో చూడండి. డాక్టర్లు కాని మామూలు మనుషులకు నేర్పించి, పీహెచ్‌సీల్లో తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్లతో ఆరు నుంచి ఎనిమిది సార్లు మాట్లాడటానికి కూర్చోబెట్టారు. దాన్ని మామూలు వైద్యంతో పోల్చి చూస్తే మంచి ఫలితం వచ్చింది, 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. అక్కడ నాకు నచ్చింది, నేర్పించి వదిలేయకపోవడం. ఆ మాటల రికార్డింగులు వారం వారం కలిసి వింటూ, ఎక్కడ తొందరపడ్డారో, ఎక్కడ వినలేదో ఒకరికొకరు చెప్పుకున్నారు.

మనం కూడా అదే చేద్దాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరిద్దరుగా కూర్చుంటారు, ఒకరు పేషెంటు, ఒకరు డాక్టరు, పది నిమిషాల తర్వాత మారతారు. డాక్టర్లు నర్సులతోనే జత కట్టాలి, డాక్టర్లూ డాక్టర్లూ ఒక మూలకు చేరొద్దు. వెనక గోడకు చార్టు అంటించాం, మీ బస్తీలో దిగులుకు, గాబరాకు ఏమంటారో దాని మీద రాయండి, ఉర్దూ మాటలు కూడా తెలుగు అక్షరాల్లో రాసేయొచ్చు. వచ్చే నెల రెండో శనివారం మళ్లీ ఇక్కడే కలుద్దాం. ప్రతి ఒక్కరూ ఒక పేషెంటు సంగతి తీసుకురండి, పేరు, ఇంటి వివరాలు లేకుండా. మీరేం అడిగారో, ఆ మనిషి ఏమన్నారో వాళ్ల మాటల్లోనే రాసుకుని రండి.