మ్యాపులో ఎరుపు కనిపిస్తే అది మచ్చేనా? గుండెను కొలిచే కాథెటర్ల సంగతి

స్క్రీన్ మీద రెండు బొమ్మలు చూడండి. రెండూ ఒకే ఎడమ కర్ణికవి. విషయం చెప్పడానికి గీసినవే తప్ప ఏ రోగివీ కావు. ఎడమవైపు బొమ్మలో వెనక గోడ మీద పెద్ద ఎర్ర మరక ఉంది. కుడివైపు బొమ్మలో అదే చోట ఎరుపు బాగా తగ్గి, మధ్యలో ఊదా రంగు చార కనిపిస్తోంది. ఇలాంటి మ్యాపుల్లో ఊదా అంటే వోల్టేజి బాగున్న కండరం, ఎరుపు అంటే వోల్టేజి పడిపోయిన చోటు, అంటే కండరం పాడై మచ్చ పడిందేమోనని అనుమానించే చోటు. గుండె మారలేదు. లోపల తిరిగిన కాథెటర్ (గుండెలోకి పంపి విద్యుత్ సిగ్నళ్లను కొలిచే సన్నటి గొట్టం) మారింది, అంతే.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో గుండె పై గదులు ఒక్కసారిగా ముడుచుకోకుండా వణుకుతూ ఉంటాయి. ఈ అలజడి చాలామందిలో ఊపిరితిత్తుల సిరల లోపలి నుంచి మొదలవుతోందని 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో మిషెల్ ఐసగేర్ బృందం చూపించింది. ఆ సిరల చుట్టూ అబ్లేషన్ చేసి, అంటే కండరాన్ని కాల్చి, విద్యుత్ దారి మూసేయడం అప్పటి నుంచే చికిత్సకు పునాది అయింది.

ఆ పనికి బాగా కుదిరింది లాసో లాంటి గుండ్రటి కాథెటర్. కొస ఉంగరంలా వంగి ఉంటుంది, దాని చుట్టూ సిగ్నల్‌ని పట్టే 10 లేదా 20 లోహపు ఎలక్ట్రోడ్లు. సిర మొదట్లో ఆనిస్తే దారి మూసుకుందో లేదో తేటగా చెబుతుంది. ఆ ఒక్క ప్రశ్నకు నాకు ఇప్పటికీ ఇదే ఇష్టం. కానీ గది మొత్తం కొలవాలంటే ఆ ఉంగరం అన్ని గోడలకూ సమంగా ఆనదు.

అబ్లేషన్ చేసే కాథెటర్‌తోనే ఒక్కో బిందువూ కొలవచ్చు. దాని కొస సుమారు 3.5 మిల్లీమీటర్లు. ఆ వెడల్పు కింద ఉన్న కండరం మొత్తం సిగ్నల్ కలిసిపోయి వస్తుంది. కళ్లు మూసుకుని నాణెం మీద అక్షరాలను అరచేత్తో తడిమి చూడండి. వేలికొనకు తెలిసేది అరచేతికి తెలియదు. మచ్చ మధ్యలో బతికి ఉన్న సన్నటి కండరపు దారి ఇక్కడే మరుగున పడిపోతుంది. పైగా తిరిగి తిరిగి వచ్చే లయ దోషాలకు చాలాసార్లు అలాంటి దారులే కారణం.

అందుకే ఎలక్ట్రోడ్లను చిన్నవి చేశారు. పెంటారే అనే కాథెటర్‌కి 5 చేతులు, వాటి మీద ఒక్కొక్కటి 1 మిల్లీమీటర్ ఉండే 20 ఎలక్ట్రోడ్లు. ఆక్టారేకి 8 చేతులు, 48 ఎలక్ట్రోడ్లు. ఓరియన్ చిన్న బుట్టలా విచ్చుకుంటుంది, దాని మీద 64. నిమిషాల్లో వేల బిందువులు వచ్చేస్తాయి. ఆ వేగం చూస్తే ముచ్చటేస్తుంది కానీ ఇక్కడే నాకు కాస్త టెన్షన్. మెత్తటి చేతులు ఒకచోట గుంపుగా చేరతాయి, ఇంకోచోట దూరంగా జరుగుతాయి. ఏదైనా చెయ్యి గోడకు ఆనకుండా రక్తంలో తేలుతుంటే దానికీ తక్కువ వోల్టేజే వస్తుంది, మ్యాపులో అదీ ఎర్రగానే పడుతుంది. ఆ చేతులు ఎడమ కర్ణికకూ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ కవాటం తాళ్లలో చిక్కుకోకుండా చూసుకోవడం ఇంకో జాగ్రత్త.

అసలు చిక్కు దిశది. మనం వోల్టేజి అంటున్నది రెండు ఎలక్ట్రోడ్ల మధ్య తేడా. విద్యుత్ తరంగం ఆ జంట పొడవునా వస్తే ముందు ఒకదాన్ని, తర్వాత రెండోదాన్ని తాకుతుంది కాబట్టి సిగ్నల్ పెద్దగా ఉంటుంది. అడ్డంగా వస్తే రెండింటినీ ఒకేసారి తాకుతుంది, తేడా దాదాపు మిగలదు. అంటే పూర్తిగా ఆరోగ్యంగా ఉన్న కండరం కూడా జబ్బు పడినట్టు కనిపించవచ్చు! హెచ్‌డీ గ్రిడ్ అనే కాథెటర్ దీని కోసమే వచ్చింది. 4 వరసల్లో 16 ఎలక్ట్రోడ్లు, మధ్య దూరం 3 మిల్లీమీటర్లు. నిలువు జంటనూ అడ్డ జంటనూ పోల్చి పెద్ద సిగ్నల్‌ని ఉంచుకుంటుంది. వెనక గోడ లాంటి చదునైన చోట నేనైతే దీన్నే నమ్ముతాను. వంపులు, మడతలు ఉన్న మూలల్లో మాత్రం చేతులున్న కాథెటరే బాగా ఒదుగుతుంది.

ఇదంతా ఎందుకు పట్టించుకోవాలంటే, ఎర్రగా పడిన చోట అబ్లేషన్ చేసే అవకాశం ఉంది. వారం దాటి కొనసాగే ఫిబ్రిలేషన్ ఉన్న 589 మందితో స్టార్ ఏఎఫ్ 2 అధ్యయనం 2015లో వచ్చింది. సిరలతో పాటు గదిలో అదనపు గీతల వెంట కాల్చినా, చెదిరిన సిగ్నళ్లున్న చోట్ల కాల్చినా ఫలితం మెరుగవలేదు. 2022లో వచ్చిన ఇరేజ్ ఏఎఫ్ మాత్రం తక్కువ వోల్టేజి ఉన్న చోట్లనే ఎంచుకుంది. సిరలకే చికిత్స పొందినవారిలో 50 శాతానికి లయ దోషం తిరగబెడితే, అదనంగా ఆ చోట్ల కూడా చేసినవారిలో 35 శాతానికే తిరగబెట్టింది. ఆ తక్కువ వోల్టేజి నిజంగా కండరానిదా, కాథెటర్ పెట్టిన తీరుదా అన్నది అప్పుడు ఎంత పెద్ద ప్రశ్నో చూడండి.

0.5 మిల్లీవోల్ట్ కంటే తక్కువైతే జబ్బు పడిన కండరం అనే కొలత చాలా చోట్ల వాడుకలో ఉంది. పెద్ద కొస కాథెటర్‌తో కుదిరిన అంకె 1 మిల్లీమీటర్ ఎలక్ట్రోడ్‌కీ అలాగే సరిపోతుందని అనుకోలేం. లయ కూడా లెక్కలోకి వస్తుంది. ఒకే చోట కొలిచినా మామూలు లయలో కంటే ఫిబ్రిలేషన్ నడుస్తుండగా వోల్టేజి సాధారణంగా తక్కువ వస్తుంది.

ఎడమ బొమ్మకి మళ్లీ వద్దాం. ఆ ఎర్ర మరకను కాల్చే ముందు నేనైతే కాథెటర్‌ని కొద్దిగా తిప్పి, గోడకు ఆనిందని చూసుకుని, అక్కడే ఇంకోసారి కొలవమంటాను.