పెన్సిల్ సంగతి తర్వాత, ముందు పేపర్ చింపనివ్వండి

హాయ్ అండీ, ఎలా ఉన్నారు. మొన్న ఒకావిడ అడిగారు, మా పాపకి మూడేళ్ళండీ, పెన్సిల్‌ని పిడికిలితో పట్టుకుంటుంది, సరిగ్గా పట్టుకోమంటే విసిరి కొడుతుంది ఏం చెయ్యమంటారు అని. ఏం చెయ్యకండి, పెన్సిల్ తీసి లోపల పెట్టేయండి. మూడేళ్ళకి పిడికిలి పట్టు మామూలేనండీ, మణికట్టులో ఉండే 8 చిన్న ఎముకలు పుట్టినప్పుడు మెత్తగానే ఉంటాయి, మూడేళ్ళకి కూడా అన్నీ గట్టిపడవు. మూడు వేళ్ళతో పట్టుకోవడం చాలామందికి నాలుగు, ఐదేళ్ళ మధ్యలో వస్తుంది.

మరి ఈలోపు ఏం చేయించాలంటే, నన్నడిగితే పేపర్ చింపించండి. నవ్వకండి, సీరియస్‌గానే చెప్తున్నా. చింపేటప్పుడు చూడండి, రెండు చేతుల బొటనవేలు చూపుడువేలు గట్టిగా పట్టుకోవాలి, ఒక చెయ్యి ముందుకి ఒకటి వెనక్కి పోవాలి, రేపు కత్తెర పట్టినా బొత్తాం పెట్టుకున్నా కావాల్సింది ఇదే. పాత న్యూస్‌పేపర్ ఇవ్వండి, అది ఒకవైపు సర్రున తిన్నగా చిరుగుతుంది, రెండోవైపు వంకరటింకరగా పోతుంది, ఎటు ఈజీయో వాళ్ళే కనిపెడతారు, మావాడైతే దానికే అరగంట కూర్చున్నాడు (ఇల్లంతా ముక్కలే, అది వేరే విషయం). ఆ ముక్కల్ని ఉండలు చుట్టించి గమ్‌తో అంటించమంటే అదే క్రాఫ్ట్.

కత్తెర ఆ తర్వాతే. మొదట్లో పల్చటి కాగితం ఇవ్వకండి, అది బ్లేడ్ల మధ్య మడతపడిపోతుంది, కొంచెం మందం అట్ట రెండు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు చేసి ఇస్తే ఒక్క కత్తిరింపుకే ముక్క తెగి పడుతుంది, వాళ్ళకి అదే పెద్ద విజయం. బొటనవేలు పైకి ఉండాలి, అది జారి కిందకి తిరిగిపోతుంటే ఆ వేలి గోరు మీద చిన్న స్టిక్కర్ అంటించి, స్టిక్కర్ కనిపించాలి నాన్నా అనండి చాలు. ఎడమచేతి వాటం పిల్లలకి మాత్రం ఎడమచేతి కత్తెరే కొనండి, మామూలుదాంట్లో బ్లేడ్ అడ్డమొచ్చి గీత కనపడదు, పాపం మనం వాళ్ళకి చేతకావట్లేదు అనుకుంటాం.

క్రేయాన్లు విరిగిపోతే పారేయకండి. పిల్లల బొటనవేలంత ముక్కని పిడికిలితో పట్టుకోవడం కుదరదు కదా, వేళ్ళు వాటంతటవే కొసకి వస్తాయి. పేపర్‌ని గోడకి అంటించి గీయిస్తే ఇంకా మంచిది, మణికట్టు వెనక్కి వంగి నిలబడుతుంది, భుజం కూడా పనిచేస్తుంది.

పూసలు గుచ్చడం కూడా బాగుంటుంది, దారం కొసకి టేప్ చుట్టి గట్టి చేసి ఇవ్వండి, లేకపోతే చిరాకు పడి వదిలేస్తారు. కానీ మూడేళ్ళలోపు వాళ్ళకి చిన్న పూసలు వద్దండీ, నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డం పడతాయి, పెద్దవి ఇచ్చినా మీరు పక్కనే కూర్చోండి, ఫోన్ పక్కన పెట్టి.