నీసు బంద్ పెట్టిండ్రు సరే, అన్నం సంగతేంది?

అందరికి నమస్తే. మన వరంగల్, హన్మకొండ దిక్కు ఇండ్లల్ల ఎవరికన్న కొలెస్ట్రాల్ ఎక్కువుందని రిపోర్టు వస్తే మొదలు జరిగేది ఒక్కటే. నీసు బంద్. గుడ్డు బంద్. కూరల నూనె సగానికి పడిపోతది. చూసేటోళ్లకు మస్తు పత్యం చేస్తున్నట్టే ఉంటది. కాని పళ్లెం దిక్కు చూడండి. కూర తగ్గిన జాగల ఏమొచ్చింది? ఇంకో గంటెడు అన్నం, ఇంకింత చారు. మూడు నెలలకు మళ్ల పరీక్ష చేయిస్తే ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంల తిరిగే కొవ్వు, అట్లనే ఉంటయి, పొట్ట తగ్గదు. ఇంత నోరు కట్టుకుంటే ఏమొచ్చిందని మనసు విరిగి మళ్ల పాత తిండికే వస్తరు. నాకు బాధనిపించేది ఇక్కడనే. వాళ్లు పడ్డ కష్టం నిజం. కాని తీసేసినదాని జాగల ఏం పెట్టుకోవాల్నో వాళ్లకు ఎవ్వరూ చెప్పలే.

ఇది జర నిమ్మళంగ వినండి. నెయ్యి, డాల్డా, పామాయిల్ తగ్గించి, ఆ జాగల పొద్దుతిరుగుడు నూనె, నువ్వులు, పల్లీలు వస్తే చెడ్డ కొలెస్ట్రాల్ (రిపోర్టుల ఎల్‌డీఎల్) తగ్గుతది, గుండెపోటు ముప్పు తగ్గుతది. అదే జాగల తెల్లన్నం, మైదా, చక్కెర వచ్చి కూసుంటే ఆ లాభం దక్కదు. 2017ల అమెరికన్ హార్ట్ అసోసియేషన్ పాత పరిశోధనలన్ని ముందటేసుకొని చెప్పింది కూడ ఇదే. ఒంటికి ఖర్చయ్యేదానికన్న ఎక్కువ పిండిపదార్థం లోపలికి పోతే, కాలేయం దాన్ని కొవ్వుగ మార్చి రక్తంలకు వదుల్తది. రిపోర్టుల ట్రైగ్లిజరైడ్లు 150 దాటి, మంచి కొలెస్ట్రాల్ (హెచ్‌డీఎల్) మగవాళ్లకు 40 కన్న, ఆడవాళ్లకు 50 కన్న తక్కువుంటే, కోడికూరను తప్పు పట్టకముందు అన్నం, చక్కెర, మద్యం ఎంత పోతున్నయో చూసుకోవాలె. మన దేశపోళ్ల రిపోర్టులల్ల ఈ రెండు కలిసి రావుడు చాన ఎక్కువ.

బరువు కూడ మనకు వేరే లెక్కనే. బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, 25 దాకా ఏం ఫికర్ లేదనేది తెల్లోళ్ల కొలత. మనకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. ఎందుకంటే మనకు కొవ్వు పొట్ట దగ్గరనే చేరుతది. టేపు తీసుకొని చివరి పక్కటెముకకు, తుంటి ఎముకకు నడుమ పొట్ట చుట్టు కొలువండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటొద్దు. చేతులు కాళ్లు సన్నగ ఉండి పొట్ట ఒక్కటి ముందుకొచ్చినోళ్లు మన దగ్గర ఎంతమంది లేరు!

మరి అన్నం ఎంత తినాలె? హైదరాబాద్ తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024ల కొత్త సూచనలిచ్చింది. రోజుకు 2000 క్యాలరీలు తినే మనిషికి బియ్యం, గోధుమ, జొన్న అన్ని కలిపి 250 గ్రాములు. వండకముందు తూకం అది. పొద్దుగాల ఇడ్లీ, రాత్రి చపాతీ గూడ అందులనే. 2025 నుంచి రేషన్ దుకాణంల ఒక్కో మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నరు కదా. అంటే రోజుకు 200 గ్రాములు. ఒక మనిషి రోజు తిండికి అదే దగ్గర దగ్గర సరిపోతది. అది అయిపోయినంక మీ ఇంట్ల ఇంకెన్ని కిలోలు కొంటున్నరో ఒక్కసారి లెక్కేయండి. తెలంగాణ సోనా తింటున్నం, దానితోని చక్కెర మెల్లగ ఎక్కుతదట అనేటోళ్లున్నరు. మంచిదే. కాని రెండింతలు పెట్టుకుంటే ఆ మంచి అక్కడనే ఖతం.

తక్కువ తినుండ్రి అని చెప్పుడు అలకనే, ఆకలైతే ఎట్ల? వండే తీరు మారాలె. పచ్చిపులుసు, చారు, తొక్కు, ఇవన్ని అన్నాన్ని గుంజుతయి. నీళ్లగ, కారంగ, పుల్లగ ఉంటయి కాబట్టి అన్నం లేంది దిగవు. అదే పుంటికూర పప్పు, తోటకూర పప్పు గట్టిగ వండి, అన్నం రెండు గంటెలు పెట్టుకొని పప్పు మూడు గంటెలు వేసుకోండి. కడుపు నిండుతది, నాలుగింటిదాకా ఆకలి కాదు. పక్కన బీరకాయో బెండకాయో కూర పళ్లెంల సగం ఉండాలె. ఉడకబెట్టిన గుడ్డు, చాపల పులుసు తినొచ్చు; చాపలు నూనెల ముంచి వేయించకుంటే చాలు. సాయంత్రం చౌరస్తాల మిర్చి బజ్జీల బండి దగ్గర ఆగే బదులు ఇంట్ల బొబ్బెర గుడాలు, శనగ గుడాలు చేసుకోండి. మన అవ్వలు చేసిందే కదా. జొన్నరొట్టెల పీచు తెల్లన్నం కన్న చాన ఎక్కువ, కాని రొట్టె తిన్నంక మళ్ల అన్నం పెట్టుకునే అలవాటుంటే ఫాయిదా లేదు.

నూనె సంగతి: అదే సంస్థ లెక్క రోజుకు మనిషికి 27 గ్రాములు. నలుగురుంటే నెలకు మూడున్నర లీటర్లు. సంక్రాంతికి సకినాలు తినొద్దని నేను ఎన్నడు చెప్ప. పండుగ ఏడాదికి ఒక్కసారి వస్తది, బజ్జీల బండి దినాం వస్తది. ఉప్పు రోజుకు 5 గ్రాములు, తొక్కుల ఉప్పు కలుపుకొని; బీపీ ఉన్నోళ్లు దీన్ని అస్సలు విడవొద్దు.

ఇగ అన్నం మాని కొబ్బరినూనె తాగి బరువు తగ్గే డైట్లు. కొబ్బరినూనెల వందకు ఎనభై పైన గడ్డకట్టే కొవ్వే, చెడ్డ కొలెస్ట్రాల్ పెరుగుతది. బరువు తగ్గినట్టు కనపడినా, గుండె జబ్బున్న మనిషి ఆ పని చేస్తానంటే నేను చేతులు పట్టుకొని ఆపుత. అన్నం మానాల్నా, కొవ్వు మానాల్నా అనే కొట్లాట మీద అమెరికాల స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 609 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు కొవ్వు, ఇంకో గుంపుకు పిండిపదార్థం తగ్గించి, ఏడాది చూసి 2018ల ఫలితం చెప్పిండ్రు. రెండు గుంపులు దగ్గర దగ్గర 5, 6 కిలోలే తగ్గిండ్రు. రెండు గుంపులకు చెప్పిన మాట ఒకటుంది: చక్కెర, మైదా తగ్గించండి, కూరగాయలు ఎక్కువ తినండి.

80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గినా బీపీ, షుగర్, ట్రైగ్లిజరైడ్లల తేడా కనపడుతది. అందుకే నెల రోజులల్ల పది కిలోలు అనే మాటల ఎంబడి పడకండి.

షుగర్ గోళీలు, ఇన్సులిన్ సూదులు తీసుకునేటోళ్లు అన్నం ఒక్కసారే తగ్గిస్తే షుగర్ పడిపోయి కండ్లు తిరగొచ్చు. డాక్టర్‌కు చెప్పి మందు సరిచేయించుకొనే మొదలు పెట్టండి. కిడ్నీ జబ్బున్నోళ్లు పప్పు ఎంత తినాల్నో అడిగి తినండి. స్టెంట్ పడ్డోళ్లు, కొలెస్ట్రాల్ గోళీ వేసుకునేటోళ్లు, రిపోర్టు మంచిగొచ్చిందని గోళీ మీ అంతట మీరు ఆపొద్దు. ఆ రిపోర్టు గోళీతోని వచ్చింది.