చెవి కూడా చర్మమే

అందరికీ నమస్కారం. కుక్కనో పిల్లినో వెంటబెట్టుకుని పశువైద్యుడి దగ్గరకు వచ్చేవాళ్ల నోట తరచుగా వినిపించే మాటలు రెండు. "ఒకటే గోక్కుంటోంది" అన్నది మొదటిది. "చెవి కంపు కొడుతోంది" అన్నది రెండోది. ఈ రెండూ చాలాసార్లు ఒకే జబ్బని చెప్పడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను. ముందుగా నా పొరపాటు ఒకటి చెబుతాను.

మూడేళ్ల లాబ్రడార్ ఒకటి ఏడాదిలో నాలుగుసార్లు నా దగ్గరకు వచ్చింది. వచ్చినప్పుడల్లా కుడిచెవి ఎర్రగా వాచి, లోపల గోధుమరంగు గులిమి పేరుకుని ఉండేది. నేను చుక్కల మందు రాసేవాణ్ని, తగ్గేది, రెండు నెలలకు మళ్లీ వచ్చేది. ఐదోసారి ఆ కుక్కను పెంచేవాళ్ల అమ్మాయి మాటల మధ్యలో, "డాక్టరుగారూ, ఇది రాత్రంతా కాళ్లు నాకుతూనే ఉంటుంది, ఆ చప్పుడుకు నిద్ర పట్టదు" అన్నది. వంగి చూశాను. ముందు పంజాల వేళ్ల సందుల్లో లేత పసుపు బొచ్చు తుప్పు రంగుకు తిరిగింది. అది లాలాజలం మరక, నెలల తరబడి నాకితే తప్ప రాదు. నాలుగుసార్లూ నేను చెవిని చూశాను గాని కుక్కను చూడలేదు.

చెవి నాళం లోపల పరుచుకుని ఉన్నది చర్మమే. అందులోనూ నూనె గ్రంథులు ఉన్నాయి, వెంట్రుకలు ఉన్నాయి. ఒంటికి అలర్జీ వచ్చినప్పుడు ఆ చర్మం కూడా ఎర్రబడుతుంది, వాస్తుంది, గులిమి ఎక్కువగా ఊరుతుంది. పైగా కుక్క చెవి నాళం మనిషిదిలా పొట్టిగా, తిన్నగా ఉండదు. ముందు నిలువుగా కిందికి దిగి, అక్కడ మలుపు తిరిగి కర్ణభేరి వైపు అడ్డంగా వెళుతుంది. గాలి తక్కువ, వెచ్చదనం, తేమ ఎక్కువ. వేలాడే చెవులుంటే మూత పెట్టినట్టే. ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా అక్కడ కొద్దిపాటి ఈస్టు అనే సూక్ష్మ శిలీంధ్రం, బాక్టీరియా నివాసం ఉంటాయి. వాపు వచ్చి వాటికి అనువు కుదరగానే విజృంభిస్తాయి. మనకు వాసన వచ్చేది అప్పుడే. మందు వేసి ఆ సంఖ్యను తగ్గిస్తాం సరే, వాపుకు కారణమైన అలర్జీ అలాగే ఉంటే అవి తిరిగి పెరగక ఏం చేస్తాయి?

అందుకని చెవి జబ్బుకు మొదటి పరీక్ష చాలా మామూలుది. దూది పుల్లతో కాస్త గులిమి తీసి, స్లైడు అనే గాజు పలక మీద రుద్ది, రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూడటం. కొన్ని నిమిషాల పని. ఈస్టు కనిపిస్తే ఒక మందు, గుండ్రటి బాక్టీరియా కనిపిస్తే ఇంకొకటి. కడ్డీల్లాంటి బాక్టీరియా కనిపిస్తే మాత్రం నాకు గుబులు పుడుతుంది. అది సూడోమోనాస్ అయితే చాలా మందులకు లొంగదు. ఏ మందు పనిచేస్తుందో ల్యాబులో పెంచి చూడవలసి రావచ్చు. ఈ పరీక్ష చేయకుండా చుక్కల మందు ఇచ్చే వైద్యుణ్ని "ఒకసారి స్లైడు చూస్తారా?" అని మర్యాదగా అడగండి. నన్నూ అడగండి.

రెండో సంగతి కర్ణభేరి. అది చిరిగి ఉంటే కొన్ని మందులు లోపలి చెవిని దెబ్బతీసి వినికిడి పోగొట్టగలవు. కాబట్టి లోపలికి చూడకుండా ఏదీ పోయకూడదు. పోయినేడాది మిగిలిన సీసాను బీరువాలోంచి తీసి వాడటం నాకు అన్నిటికన్నా భయం కలిగించే అలవాటు. నొప్పి ఎక్కువగా ఉండి నాళం వాచి మూసుకుపోతే ముందు వాపు తగ్గించి, తర్వాతే శుభ్రం చేస్తాం. తల ఒకవైపు వాల్చడం, నడకలో తూలడం కనిపిస్తే జబ్బు లోపలి చెవి దాకా వెళ్లి ఉండవచ్చు, ఆ రోజే తీసుకురండి. చెవి డొప్ప బెలూనులా ఉబ్బినా అంతే. తల అదేపనిగా విదిలించడం వల్ల లోపలి రక్తనాళం తెగి అక్కడ రక్తం నిండుతుంది.

ఇంట్లో శుభ్రం చేయాలంటే, వైద్యుడు చెప్పిన ద్రావణాన్ని నాళం నిండా పోసి, చెవి మొదట్లో వేళ్లతో మృదువుగా పిసకండి. చప్పుడు వినిపిస్తుంది. తర్వాత వదిలేస్తే అదే తల విదిలిస్తుంది, మీ చొక్కా ఎలాగూ పాడవుతుంది. పైకి వచ్చిన మురికిని దూదితో తుడిస్తే చాలు. ఇయర్ బడ్ లోపలికి పెట్టకండి, అది గులిమిని ఇంకా లోతుకు తోస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడు, ఆల్కహాలు పుండుపడిన చర్మాన్ని మండిస్తాయి, వద్దు. వాసన పోయిన రోజునే మందు మానేయవద్దు. మళ్లీ స్లైడు చూసి, శుభ్రంగా ఉంటేనే ఆపాలి.

ఇక దురద. కుక్కల్లో తగ్గీ తగ్గనట్టు తిరగబెట్టే దురదకు ఎక్కువగా మూడు అలర్జీలు కారణం. ఫ్లీలు అనే రక్తం పీల్చే చిన్న పురుగుల కాటు, తిండి, గాలిలోనూ పరిసరాల్లోనూ ఉండే పుప్పొడి, దుమ్ముపురుగుల వంటివి. వీటిని ఒక్కొక్కటిగా తోసిపుచ్చుకుంటూ పోవడమే పద్ధతి. ఒక్క రక్త పరీక్షతో తేలిపోతే బాగుండును అని నాకూ ఉంటుంది. తిండి అలర్జీ విషయంలో మాత్రం ఆ రక్త పరీక్షలను నమ్మలేం.

ఫ్లీలు అంటే పిడుదులు కావు. పిడుదు పట్టుకుని వేలాడుతుంది, ఫ్లీ గెంతుతుంది. కుక్క మీద ఉండేది కూడా చాలాసార్లు పిల్లి ఫ్లీయే, పేరు మాత్రమే పిల్లిది. తోక మొదట్లో, నడుము మీద గోక్కుంటూ బొచ్చు ఊడితే ముందు దీన్నే అనుమానించాలి. బొచ్చు దువ్వి, రాలిన నల్లటి నలుసులను తడి కాగితం మీద వేయండి. ఎర్రగా మరక కడితే అది ఫ్లీ విసర్జించిన రక్తమే. "మా కుక్క మీద ఒక్కటీ లేదండీ" అంటారు. ఉన్న ఫ్లీల్లో పెద్దవై ఒంటి మీదకు చేరేది సుమారు 5 శాతమే. మిగతావి గుడ్లుగా, పురుగులుగా, గూళ్లలో దాక్కుని తివాచీలో, పడకలో, నేల పగుళ్లలో ఉంటాయి. అందుకే ఇంట్లోని జంతువులన్నిటికీ కనీసం మూడు నెలలు వరసగా మందు వేయాలి. గోక్కునే దానికి ఒక్కదానికే వేస్తే ఫలితం ఉండదు.

తిండి పరీక్ష ఓపికకు పరీక్ష. కుక్క ఇంతవరకు తినని మాంసంతోనో, ప్రోటీన్లను చిన్న ముక్కలుగా విడగొట్టిన ప్రత్యేక ఆహారంతోనో కనీసం 8 వారాలు గడపాలి. ఇంకేమీ పెట్టకూడదు. రుచి కలిపిన మాత్రా వద్దు, భోజనాల బల్ల కింద పిల్లలు జారవిడిచే ముక్కా వద్దు. దురద తగ్గితే అక్కడితో ఆగకుండా పాత తిండి మళ్లీ పెట్టి చూడాలి. దురద తిరిగి వస్తేనే రుజువైనట్టు. ఈ చివరి మెట్టు చాలామంది ఎక్కరు, ఎందుకు ఎక్కరో నాకు తెలుసు. ఇన్ని వారాల తర్వాత హాయిగా నిద్రపోతున్న కుక్కను మళ్లీ గోకించాలంటే ఎవరికి మనసొప్పుతుంది?

ఫ్లీలు, తిండి రెండూ కాదని తేలితే మిగిలేది అటోపీ, అంటే పుప్పొడి, దుమ్ముపురుగుల వంటి వాటి వల్ల వచ్చే అలర్జీ. సాధారణంగా ఆరు నెలల నుంచి మూడేళ్ల వయసులో మొదలవుతుంది. మొహం, పంజాలు, చంకలు, పొట్ట, చెవులు దాని చోట్లు. పూర్తిగా నయం కాదు, అదుపులో ఉంటుంది. నా లాబ్రడార్ చివరికి ఇక్కడికే చేరింది. స్టెరాయిడ్లు దురదను త్వరగా ఆపుతాయి. కానీ ఎక్కువ కాలం వాడితే దాహం, ఆకలి, మూత్రం పెరుగుతాయి, చర్మం పల్చబడుతుంది. ఒక్లాసిటినిబ్ మాత్రలు దురద సంకేతాన్నే అడ్డుకుంటాయి, ఏడాది నిండని కుక్కలకు ఇవ్వరు. లోకివెట్‌మాబ్ అనే దురద తగ్గించే ఇంజక్షను కుక్కలకే, పిల్లులకు కాదు. అలర్జీ కారకాలను కొద్దికొద్దిగా ఇచ్చి శరీరాన్ని అలవాటు చేసే చికిత్స కూడా ఉంది, ఫలితం కనిపించడానికి నెలలు పడుతుంది. గోకుడు వల్ల పుట్టిన పుండ్లకు క్లోర్‌హెక్సిడిన్ షాంపూ మంచిది, నురగ 10 నిమిషాలు ఒంటి మీద ఉండాలి. మనుషుల షాంపూ వద్దు. కుక్క చర్మం మనదానికన్నా పల్చన, దాని ఆమ్ల క్షార స్థితీ వేరు.

గజ్జి, తామర గురించి క్లుప్తంగా చెబుతాను. చెవి అంచులూ మోచేతులూ పొలుసులు కట్టి, దురదకు ఒక్క క్షణం కుదురు లేకపోతే సార్కోప్టిక్ గజ్జి అయి ఉండవచ్చు. మీ చేతులకూ దద్దుర్లు రావచ్చు, ఆ సంగతి వైద్యుడికి చెప్పండి. తామరకు కారణం పురుగు కాదు, శిలీంధ్రం. మనుషులకూ అంటుతుంది, పిల్లి కూనల నుంచి మరీ ఎక్కువ. డెమొడెక్స్ అనే ఇంకో రకం గజ్జి మనకు అంటదు.

పిల్లి విషయం వేరే చెప్పాలి, ఎందుకంటే అది దాచిపెడుతుంది. మనం చూడనప్పుడు నాకుతుంది. పొట్ట మీదా తొడల లోపలా బొచ్చు నున్నగా పోతే "దిగులు పెట్టుకుంది" అని చాలామంది సరిపెట్టుకుంటారు. వెంట్రుకను మైక్రోస్కోప్‌లో చూస్తే చివర విరిగి ఉంటుంది, అంటే అది రాలలేదు, నాకితే తెగింది. అంటే అది దిగులు అనుకునేముందు దురద ఉందేమో చూడాలి. పిల్లి కూన చెవిలో కాఫీ పొడిలాంటి నల్లటి మురికి కనిపిస్తే చెవి పురుగులను అనుమానించండి, ఇంట్లో ఉన్న మిగతా జంతువులకూ చికిత్స చేయించండి. తెల్ల పిల్లి చెవి కొనల మీద మానని చెక్కు ఎండ వల్ల వచ్చే క్యాన్సరు కావచ్చు. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉన్న కుక్కల మందును పిల్లి మీద వేయకండి. వణుకు, మూర్ఛలు వచ్చి ప్రాణం పోవచ్చు. టీ ట్రీ ఆయిలు కూడా అంతే ప్రమాదం.

ఆ లాబ్రడార్ ఇప్పుడు టీకాలకు మాత్రమే వస్తోంది, పంజాల బొచ్చు పాత రంగుకు తిరిగింది. దాని చెవి నుంచి అప్పట్లో తీసిన స్లైడు నా దగ్గర ఇప్పటికీ ఉంది. ఆ వెనుక బల్ల మీద మైక్రోస్కోప్ కింద పెట్టాను. నడుము దగ్గర సన్నగా నొక్కిన వేరుశనగ కాయల్లాంటివి గుంపులుగా కనిపిస్తాయి, అవే ఈస్టు. ఒక్కొక్కరుగా వచ్చి చూడండి, ప్రశ్నలు అక్కడే అడగవచ్చు.