వెండి పారతో నిన్నటి బూడిద

సభకు నమస్కారం.

బైబిల్లోని ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయంలో ‘నేడు నేను నీకు ఆజ్ఞాపిస్తున్న ఈ మాటలు’ అనే వాక్యం ఉంది. యూదులు ఆ భాగాన్ని ప్రతి ఉదయం, ప్రతి రాత్రి పఠిస్తారు. ఎన్నడో చెప్పిన మాటను ‘నేడు’ అనడంలో ఆంతర్యం ఏమిటి? ఆ ఆజ్ఞలు ఎవరూ లెక్కచేయని పాత రాజశాసనంలా కాక, జనమంతా ఎదురు పరుగెత్తి అందుకునే కొత్త శాసనంలా తోచాలని 11వ శతాబ్దంలో ఫ్రాన్సుకు చెందిన వ్యాఖ్యాత రాషీ, అంతకు ముందు నుంచీ ఉన్న వివరణను అనుసరించి చెప్పాడు.

ఆ పరుగు ఉపమానం మాత్రమే కాదు. యెరూషలేము దేవాలయంలో యాజకులు నిజంగానే పరుగెత్తేవారు, అదీ బూడిద ఎత్తడానికి. రాత్రంతా బలిపీఠం మీద కాలినదాని బూడిదను కొంత ఎత్తడమే రోజులో మొదటి సేవ. ఆ సేవ కోసం పోటీ పడి పీఠానికి ఎక్కే వాలుదారి వెంట పరుగెత్తేవారనీ, ఒకసారి ఇద్దరు సమానంగా వెళ్తుండగా ఒకడు రెండోవాణ్ణి నెట్టడంతో అతని కాలు విరిగిందనీ, అప్పటి నుంచి చీట్లు వేసే పద్ధతి పెట్టారనీ యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నా చెబుతోంది. అనుదినం చేసే, చూడటానికి అతి సామాన్యమైన పని కోసం అంత ఆరాటం ఉండేదన్న సంగతి నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

ఆ సేవకు వెళ్లేవాడు ఒంటరిగా, చేతిలో దీపం లేకుండా, పీఠం మీది మంట వెలుగులో నడిచేవాడు. బయట ఉన్నవారికి అతడు కనిపించేవాడు కాడు. యాజకులు కడుక్కునే గంగాళానికి నీరందించే కొయ్య యంత్రం చప్పుడు విని, వేళ అయిందని అనుకునేవారు. అతడు చేతులు, కాళ్లు కడుక్కుని, వెండి పార తీసుకుని పైకెక్కి, నిప్పులను అటూ ఇటూ తొలగించి, లోపల బాగా కాలినదాన్ని ఎత్తుకుని దిగేవాడు. అతడు దిగడం చూసి మిగిలినవారు పరుగున వచ్చి తామూ కడుక్కునేవారు.

క్రీ.శ. 70లో ఆ దేవాలయం కూలిపోయింది; ప్రార్థన ఆ సేవల స్థానాన్ని తీసుకుంది. ప్రార్థనను మొక్కుబడిగా చేసేవాడిది విన్నపమే కాదని ప్రాచీన యూదు మతగురువు రబ్బీ ఎలియెజెర్ అన్నాడు. పదాలు మాత్రం నేటికీ అవే. కొత్తదనం కావాలంటే పనినే మార్చుకోవాలని మనం తరచూ అనుకుంటాము. ఈ సంప్రదాయం పనిని అలాగే ఉంచి, దాని దగ్గరికి వచ్చే మనిషిని కొత్తవాణ్ణి చేయాలని చూస్తుంది.

13వ శతాబ్దపు బార్సిలోనాలో రబ్బీ షెలొమో బెన్ అద్రెత్ ఈ భావాన్నే ఉదయాన చేతులు కడుక్కునే ఆచారానికి కారణంగా చూపాడు. నిద్ర లేచిన మనిషి కొత్త సృష్టి వంటివాడు గనుక, సేవకు ముందు యాజకుడు గంగాళం వద్ద కడుక్కున్నట్టే అతడూ పాత్రతో కడుక్కోవాలని ఆయన వివరణ. అందుకే నేటికీ ఎన్నో యూదుల ఇళ్లలో రాత్రే మంచం పక్కన చెంబూ పళ్లెమూ సిద్ధం చేసుకుంటారు. కళ్లు తెరవగానే, ప్రాణాన్ని తిరిగి ఇచ్చినందుకు దేవునికి కృతజ్ఞత చెప్పి, కుడిచేతి మీద ఒకసారి, ఎడమచేతి మీద ఒకసారి, అలా మార్చి మార్చి మూడేసి సార్లు నీళ్లు పోసుకుంటారు.