ఐస్ మీద గాలం: చిన్న జిగ్‌లపై ఫోన్-ఇన్

ప్రయోక్త: మిన్నియాపాలిస్ నుంచి నమస్కారం. ఈ వారం ఐస్ ఫిషింగ్, అంటే గడ్డకట్టిన సరస్సు మీద కన్నం తొలిచి గాలం వేయడం. బ్లూగిల్, క్రాపీ, పెర్చ్ అనే చేపలకు వాడే చిన్న జిగ్‌ల గురించి, అంటే తల దగ్గర లోహపు గుండు ఉన్న గాలాల గురించి అడగొచ్చు. మొదటి కాల్ మేపుల్ గ్రోవ్ నుంచి. చెప్పండి.

కాలర్ 1: నమస్కారమండీ. మొన్న ఒక షాపుకెళ్తే గోడ నిండా జిగ్‌లే. ఏది కొనాలో తెలియక వట్టి చేతులతో వచ్చేశాను.

నిపుణుడు: మంచి పని చేశారు. మొదట 4 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్‌వి ఒక నాలుగు కొనండి, చాలు. పది అడుగుల లోపు నీళ్లయితే 3, ఇరవై దాటితే 5. టంగ్‌స్టన్ సాంద్రత సీసానికి ఒకటిన్నర రెట్ల పైమాటే. అంటే అంతే బరువున్న జిగ్ ఇంకా చిన్నదిగా ఉంటుంది, గబగబా దిగుతుంది. గాలం నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది, 14 అంటే 10 కన్నా చిన్నది. ఇక్కడ చాలామంది తికమకపడతారు. ఇంకోటి, గట్టి ఐస్ 4 అంగుళాలు లేకపోతే కాలు పెట్టొద్దు.

ప్రయోక్త: థాంక్యూ అండీ. తర్వాత ప్లిమత్ నుంచి.

కాలర్ 2: హలో... ఆ, వినిపిస్తోందా అండీ? నాది మూడో సీజన్. మాది గోదావరి పక్కన, చిన్నప్పుడు కాలవ గట్టున వెదురు కర్రకి దారం, బెండు, ఎర్ర గుచ్చి వేస్తే పడేవి, అంత ఆలోచన ఉండేది కాదు. ఇక్కడ ఫ్లాషర్ కొన్నాను, అదే, నీళ్లలో చేపని గీతలా చూపించే సోనార్, టెంటు కొన్నాను, హీటర్ కొన్నాను, మా ఆవిడ...

నిపుణుడు: ప్రశ్న చెప్పండి సార్.

కాలర్ 2: ఆ, అదే. ఫ్లాషర్‌లో చేప గీత కనిపిస్తుంది. జిగ్ దాకా వస్తుంది. ఆగుతుంది. వెళ్లిపోతుంది. రోజంతా ఇదే. రంగు మార్చాలా అండీ?

నిపుణుడు: రంగు తర్వాత. మీ జిగ్ నీళ్లలో ఎలా వేలాడుతోంది?

కాలర్ 2: ఎలా అంటే... కిందికి.

నిపుణుడు: అదే మరి. చాలా టంగ్‌స్టన్ జిగ్‌లు అడ్డంగా, నేలకి సమాంతరంగా నిలబడాలి. తల కిందికో తోక కిందికో వేలాడితే బ్లూగిల్ దగ్గరికొచ్చి చూసి పోతుంది. ముడి వేశాక గోటితో ముడిని జిగ్ కన్ను మీద, అంటే దారం దూర్చే రింగు మీద జరపండి, దారం సరిగ్గా పైభాగం నుంచి నిటారుగా పైకి రావాలి. ప్రతి చేప పడ్డాకా ముడి జరిగిపోతుంది, మళ్లీ సరిచేయాలి. ముడి బిగించేముందు తడపండి. పొడిగా లాగితే సన్నదారం అక్కడే బలం కోల్పోతుంది. మీ దారం ఎంత బరువు ఆపేది?

కాలర్ 2: ఆరు పౌండ్లు.

నిపుణుడు: అయ్యో! రెండో మూడో పౌండ్ల ఫ్లోరోకార్బన్ దారం వేయండి. లావు దారం చుట్టలు చుట్టలుగా ఉండిపోతుంది, ఇంత చిన్న జిగ్ దాన్ని నిటారుగా లాగలేదు. స్పిన్నింగ్ రీలేనా?

కాలర్ 2: అవునండీ.

నిపుణుడు: సగం జబ్బు అక్కడే. అందులోంచి దారం మెలి తిరిగి వస్తుంది. కింద జిగ్ ఆగకుండా గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ఇరవై అడుగుల లోతున మీకు కనపడదు, చేపకి కనపడుతుంది. దారాన్ని మెలి పడకుండా నేరుగా వదిలే ఇన్‌లైన్ రీల్ తీసుకోండి. లేదంటే జిగ్‌కి అడుగున్నర పైన మెలి విప్పే బుల్లి స్వివెల్ కట్టండి. కన్నం అంచునే రెండడుగుల లోతులో జిగ్‌ని ఆపి అర నిమిషం చూడండి, తిరుగుడు ఆగాకే దించండి.

కాలర్ 2: సరే సరే. అయితే రంగు, గులాబీ బాగుంటుందా, ఆకుపచ్చ...

నిపుణుడు: సార్! రంగు తర్వాత అన్నాను కదా. తిరిగే జిగ్‌కి ఏ రంగు వేసినా ఒకటే. ఎర ఏం గుచ్చుతున్నారు?

కాలర్ 2: స్పైక్స్. ఆ ఈగ పురుగులు. మధ్యలో గుచ్చుతాను, ఊడకుండా.

నిపుణుడు: మధ్యలో గుచ్చితే లోపలి రసమంతా కారి తోలు మిగులుతుంది. మొద్దుగా ఉన్న కొసన రెండు నల్ల చుక్కలు ఉంటాయి చూడండి, అక్కడ చర్మం మాత్రం పట్టేలా, గాలం మొన పైకి తేలేలా గుచ్చండి. పురుగు కదులుతూనే ఉంటుంది. ఒకటి చాలు, రెండయితే ఎక్కువ. పక్కకి వాలినా మళ్లీ జిగ్ తిరగడం మొదలు. కొత్త జిగ్ కంట్లో రంగు పేరుకుని ఉంటుంది, ఇంకో గాలం మొనతో పొడిచి తీసేయండి. ఆ పెళ్లలు దారాన్ని కోస్తాయి.

కాలర్ 2: ఇంకొక్కటి. క్రాపీకి కూడా ఇంతేనా?

నిపుణుడు: క్రాపీ పైకి చూసి తింటుంది. గీత కనిపించిన చోటికి రెండు మూడడుగుల పైనే జిగ్ ఆపండి, కిందికి దించితే చూడదు. అదే పైకి వస్తుంది.

ప్రయోక్త: థాంక్యూ అండీ... తర్వాత మాడిసన్.

కాలర్ 3: అన్నా, మేం మోనోనా బే మీద పోతం. చీకటైనంక గ్లో జిగ్, గదే చీకట్ల మెరిసేది, పెడితే బాగ పడ్తయంటరు కద?

నిపుణుడు: పడతాయి తమ్ముడూ, క్రాపీ ముఖ్యంగా. మెరవడానికి యూవీ లైటు చూపించిన వెంటనే దింపకు, మరీ వెలుగుంటే ఒక్కో రోజు చేపలు దూరంగా పోతాయి. కాస్త మసకబారాక దింపు. ఐస్ 4 అంగుళాలు చూసుకుంటున్నారా? ఆ బే మీద అందరూ నడుస్తున్నారని నువ్వూ నడవకు, నీ కన్నం నువ్వే కొలుచుకో.

కాలర్ 3: గా సరస్సుల నడుమ...

ప్రయోక్త: కాల్ కట్ అయినట్టుంది. ట్రాయ్, మిషిగన్ నుంచి ఒక సోదరి.

కాలర్ 4: నమస్తే అండీ. మా బాబుకి తొమ్మిదేళ్లు. టంగ్‌స్టన్ ఖరీదు కదా, సీసం జిగ్‌లు ఇస్తే ఏమైనా...

నిపుణుడు: చేప పడుతుందమ్మా, ఢోకా లేదు. కానీ పిల్లలు సీసం గుండు పళ్లతో కొరికి దారానికి నొక్కుతారు, అది మాత్రం వద్దు. ప్లయర్స్ ఇవ్వండి. చేతులు కడిగాకే తిండి. బాబుకి నాలుగు టంగ్‌స్టన్లే కొనండమ్మా, మిగతా డబ్బు ఐస్ పిక్స్‌కి పెట్టండి, నీళ్లలో పడితే ఐస్‌లో గుచ్చి పైకి పాకే మేకులవి, మెడలో వేలాడేలా. కొన్నాక వాటితో ఇంటి వెనక ఆడనివ్వకండి, మొనలు పదునుగా ఉంటాయి.

కాలర్ 4: సరేనండీ, చాలా...

ప్రయోక్త: థాంక్యూ అమ్మా. ప్లిమత్ నుంచి మళ్లీ అదే నంబరు. ఒక్క నిమిషమే ఉంది.

కాలర్ 2: క్షమించండి. మా నాన్నగారు ఊరి నుంచి వచ్చారు, విజిటర్ వీసా. ఆయన కూడా గాలం వేయొచ్చా?

నిపుణుడు: వేయొచ్చు సార్. 16 ఏళ్లు నిండిన ఇతర ప్రాంతాల వాళ్లకి లైసెన్స్ కావాలి, 24 గంటలదీ, 72 గంటలదీ దొరుకుతాయి. మిన్నెసోటాలో ఐస్ మీద మనిషికి రెండు గాలాలు. సన్‌ఫిష్‌కి, బ్లూగిల్ కూడా అందులోదే, మామూలు పరిమితి 20, కానీ కొన్ని సరస్సుల్లో 10 లేదా 5 కే కుదించారు, వెళ్లేముందు డీఎన్‌ఆర్, అంటే రాష్ట్ర సహజ వనరుల శాఖ సైట్లో ఆ సరస్సు పేరు చూడండి. ముడి తడపడం నేర్పించండి ఆయనకి.

కాలర్ 2: తెలుసట అండీ, నవ్వుతున్నారు. రంగు ఏదైనా...

ప్రయోక్త: సమయం అయిపోయింది. వచ్చే శనివారం ఇదే వేళకి పన్నుల రిటర్నుల గురించి మాట్లాడదాం.