కారాయాన్, ఫిల్హార్మోనియా: అవసరం కలిపిన పన్నెండేళ్లు

అందరికీ నమస్కారం.

ఆర్కెస్ట్రాకి ఎదురుగా నిలబడి చిన్న కర్రతో దాన్ని నడిపించే మనిషిని కండక్టర్ అంటారు. అలాంటి కండక్టర్ హెర్బర్ట్ ఫాన్ కారాయాన్ పేరు చెప్పగానే పాశ్చాత్య సంగీతం వినేవాళ్లకి బెర్లిన్ ఫిల్హార్మోనిక్ గుర్తొస్తుంది. నేను చెప్పబోయేది అంతకు ముందు సంగతి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాదే లండన్‌లో పుట్టిన ఫిల్హార్మోనియా ఆర్కెస్ట్రాతో 1948 నుంచి 1960 దాకా ఆయన పనిచేసిన కథ. ఈ కథలోకి మైసూరు మీదుగా వెళ్దాం. ఎందుకంటే ఆ ఆర్కెస్ట్రా నిలదొక్కుకోవడానికి కొంత డబ్బు అక్కడినుంచే వెళ్లింది.

మైసూరు చివరి మహారాజు జయచామరాజేంద్ర ఒడయార్‌ని మనం కృతికర్తగా ఎరుగుదుం. 'శ్రీవిద్య' ముద్రతో 94 కృతులు రాశారు. ఆయన ఆస్థాన విద్వాంసులు మైసూరు వాసుదేవాచార్యులు తెలుగులోనూ సంస్కృతంలోనూ రాసిన కృతులు మన కచేరీల్లో ఇప్పటికీ వినిపిస్తాయి. ఇదే మహారాజుకి పాశ్చాత్య సంగీతమన్నా ప్రాణం. లండన్‌లో స్థిరపడిన రష్యన్ స్వరకర్త మెట్నర్‌ని ముసలితనంలో ఎవరూ పట్టించుకోకపోతే, ఆయన రచనల్ని రికార్డు చేయించడానికి ఈయన డబ్బిచ్చారు. 1949లో వాల్టర్ లెగ్ అనే రికార్డు నిర్మాత మైసూరు వచ్చినప్పుడు, ఆయన నడిపే ఫిల్హార్మోనియాకి ఏటా 10,000 పౌండ్ల చొప్పున మూడేళ్లు ఇస్తానని మాటిచ్చారు. అప్పటికి మహారాజుది సుమారు ముప్పై ఏళ్ల వయసు. స్వరకర్తలు బాలకిరెవ్ మొదటి సింఫనీ (సింఫనీ అంటే పూర్తి ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద రచన), రూసెల్ నాలుగో సింఫనీ కారాయాన్ చేత రికార్డు చేయించడం కూడా ఆయన కోరికే. ఆ రోజుల్లో ఏ కంపెనీ అయినా తనంతట తాను వేయడానికి వెనకాడే రికార్డులవి. జర్మన్ స్వరకర్త రిషార్డ్ స్ట్రౌస్ చివరి నాలుగు పాటల్ని మొదటిసారి 1950 మేలో లండన్‌లో వినిపించింది ఇదే ఆర్కెస్ట్రా. ఆ కచేరీ వెనకా మైసూరు సొమ్ముంది.

ఇక లెగ్ సంగతి. ఆయన ఈఎంఐ అనే రికార్డుల కంపెనీ ఉద్యోగి. చెవి చాలా పదును, నోరు అంతకంటే పదును. 1945లో ఫిల్హార్మోనియాని ఆయన పెట్టింది ముఖ్యంగా రికార్డుల కోసం. మొదటి కచేరీని అక్టోబర్ 27న లండన్ కింగ్స్‌వే హాల్లో కండక్టర్ సర్ థామస్ బీచమ్ నడిపాడు. పారితోషికంగా ఒక మంచి చుట్ట చాలన్నాడట. ఆ హాల్లో ధ్వని అద్భుతంగా ఉండేది గానీ కింద సొరంగంలో రైళ్లు తిరిగేవి. ఆ కాలపు రికార్డుల్ని మంచి స్పీకర్ల మీద వింటే అక్కడక్కడా రైలు గుడగుడ కూడా దొరుకుతుంది.

ఒక విషయం ఇక్కడే గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ఫిల్హార్మోనియా వాద్యకారులకి నెలజీతం లేదు. పిలిచిన రోజుకి కూలి. వైమానిక దళం బ్యాండులో యుద్ధకాలం గడిపి వచ్చిన మెరికల్లాంటి కుర్రాళ్లు చాలామంది అందులో ఉన్నారు. కానీ ఎవరిని తీసుకోవాలి, ఏం వాయించాలి, కర్ర ఎవరి చేతిలో పెట్టాలి అన్నవన్నీ లెగ్ ఒక్కడి నిర్ణయాలు. ఆర్కెస్ట్రా ఆయన సొంత ఆస్తి.

అటువైపు కారాయాన్‌కి 1946లో ఊరూ లేదు, ఆర్కెస్ట్రా లేదు. నాజీ పార్టీలో చేరినవాడు. అది 1933లోనా 1935లోనా అని చరిత్రకారులు బోలెడు కాగితాలు తిరగేశారు. నాకు ఆ తేదీల తేడా పెద్దగా పట్టదు. ఆఖెన్ నగరంలో సంగీత దర్శకుడి పదవి కావాలి, దానికి పార్టీ కార్డు కావాలి, తీసుకున్నాడు. యుద్ధం తర్వాత మిత్రరాజ్యాల అధికారులు ఆయన జనం ముందు కచేరీ చేయకూడదని నిషేధం పెట్టారు. అప్పుడు వియన్నా చేరిన లెగ్‌కి ఒక సందు కనిపించింది. నిషేధం కచేరీలకి, రికార్డింగులకి కాదు. జనం లేని హాల్లో మైకు ముందు కర్ర ఊపితే అడ్డు చెప్పేవాడు లేడు. 1946లోనే వియన్నా ఫిల్హార్మోనిక్‌తో అలా పని మొదలైంది. 1947లో నిషేధం తొలగింది. 1948 ఏప్రిల్‌లో కారాయాన్ లండన్ ఆల్బర్ట్ హాల్లో ఫిల్హార్మోనియా ముందు నిలబడ్డాడు. ఆ నెలలోనే పియానిస్టు దిను లిపాట్టితో వాళ్లు చేసిన షూమన్ కాన్సర్టో (ఒక వాద్యాన్ని ముందుంచి ఆర్కెస్ట్రా వాయించే రచన) రికార్డు ఈనాటికీ అమ్ముడవుతోంది.

మూడేళ్ల కిందటి దాకా ఆ నగరం మీద జర్మన్ రాకెట్లు పడ్డాయి. ఎదుట కూర్చున్నవాళ్లలో యూనిఫాం విప్పి ఎంతోకాలం కానివాళ్లున్నారు. వాళ్లని ఎవరూ అడగలేదు.

అడగకపోయినా పని అద్భుతంగా జరిగింది. ఇందులో దాచాల్సిందేమీ లేదు. కారాయాన్ రిహార్సల్లో అరిచేవాడు కాదు, గొంతు తగ్గించి మాట్లాడేవాడు. పక్కవాడు ఏం వాయిస్తున్నాడో వినండి అన్నదే ఆయన అడిగేది. ఎక్కువసేపు వాయించే ఎల్‌పీ రికార్డులు అప్పుడప్పుడే వస్తున్నాయి, పాత రచనలన్నీ కొత్తగా రికార్డు చేయాల్సిన అవసరం పడింది. 1951 నుంచి 1955 దాకా బీథోవెన్ తొమ్మిది సింఫనీలూ పూర్తిచేశారు. 1952లో పారిస్, మిలాన్, వియన్నా, బెర్లిన్ తిరిగొచ్చారు. ఆ శరదృతువులోనే కండక్టర్లలో టోస్కానినీ అంతటివాడు లండన్ వచ్చి ఇదే ఆర్కెస్ట్రాతో బ్రామ్స్ సింఫనీలు వినిపించాడు. 1956 చివర్లో చేసిన 'రోజెన్‌కవలియర్' ఆపెరా రికార్డుని మించింది నేనైతే ఇంకా వినలేదు. అందులో ప్రధాన గాయని ఎలిజబెత్ ష్వార్ట్స్‌కాఫ్. ఆమె లెగ్ భార్య. ఇల్లూ కంపెనీ ఒకటే అన్నమాట.

ఫిల్హార్మోనియాలో హారన్ వాయించిన డెన్నిస్ బ్రెయిన్ గురించి చెప్పకుండా ముందుకెళ్లలేను. హారన్ అంటే ఊదే ఇత్తడి వాద్యం, మహా మొండిది. ఊపిరి వెంట్రుకవాసి తప్పినా స్వరం పగులుతుంది. బ్రెయిన్ దాన్ని నవ్వుతూ వాయించేవాడు. 1953లో కారాయాన్‌తో చేసిన మొజార్ట్ నాలుగు కాన్సర్టోలే సాక్ష్యం. ఆయనకి కార్ల పిచ్చి. వాయిస్తూ స్టాండు మీద కార్ల పత్రిక పెట్టుకుని చదివేవాడని చెప్పుకుంటారు. ఆ పిచ్చి కారాయాన్‌కీ ఉంది కాబట్టి ఇద్దరికీ కుదిరింది. 1957 సెప్టెంబర్ 1 తెల్లవారుజామున, ఎడిన్‌బరాలో కచేరీ చేసి కారు నడుపుకుంటూ వస్తూ ప్రమాదంలో పోయాడు. 36 ఏళ్లు.

బ్రెయిన్‌తో కుదిరినట్టు అందరితోనూ కుదరలేదు. కారాయాన్ కళ్లు మూసుకుని కచేరీ నడిపేవాడు. అది ఏకాగ్రత అని అభిమానులంటారు. కానీ వాయించేవాడి వైపు నుంచి ఆలోచించండి. అసలైన చోటికి వచ్చేసరికి తనవైపు చూసే మనిషి లేడు.

1954 నవంబర్ 30న బెర్లిన్ ఫిల్హార్మోనిక్ కండక్టర్ ఫుర్ట్‌వెంగ్లర్ చనిపోయాడు. ఆ గద్దె ఖాళీ అయింది. కారాయాన్ ఎప్పటినుంచో కోరుకున్నది అదే. బెర్లిన్‌లో పద్ధతి వేరు, అక్కడ నాయకుణ్ణి ఎన్నుకోవడంలో వాద్యకారుల మాట చెల్లుతుంది. వాళ్లు ఆయన్నే కోరుకున్నారు. జీవితాంతం పదవి ఇస్తేనే వస్తానన్నాడు, ఇచ్చారు. ఫిల్హార్మోనియాలో ఆయనకి ప్రధాన కండక్టర్ అన్న బిరుదు కూడా కాగితం మీద లేదు. కాబట్టి రాజీనామా చేయాల్సిన పని కూడా పడలేదు.

1955 శరదృతువులో ఫిల్హార్మోనియాని వెంటబెట్టుకుని అమెరికా వెళ్లేసరికే ఆయన మనసు బెర్లిన్‌లో ఉంది. ఒక కచేరీ అయ్యాక చప్పట్లని పట్టించుకోకుండా, ఆర్కెస్ట్రాని లేచి నిలబడమని కూడా అనకుండా వేదిక దిగిపోయాడు. తర్వాతి రిహార్సల్లో పీటర్ గిబ్స్ అనే వయొలిన్ వాద్యకారుడు లేచాడు. యుద్ధంలో స్పిట్‌ఫైర్ విమానం నడిపినవాడు. అందరి ముందూ నిలదీశాడు. నేను నాలుగేళ్లు పోరాడింది నీలాంటివాడి చేత మాటపడటానికా అన్న అర్థం వచ్చేట్టు, ఇంతకంటే మోటుగానే అన్నాడు. కారాయాన్ ఒక్క మాట మాట్లాడలేదు. రిహార్సల్ కొనసాగించాడు. ఆ సాయంత్రం విరామంలో మాత్రం, ఈ సంగతి తేల్చందే రెండో సగానికి వేదిక ఎక్కనని భీష్మించాడు.

ఈ గొడవని చాలామంది కండక్టర్ అహంకారానికి ఉదాహరణగానో, ఒక పైలట్ తెగువగానో చెబుతారు. నేను వేరేగా చూస్తాను. 1945 నుంచి అప్పటిదాకా ఫిల్హార్మోనియా వాద్యకారులకి దక్కిన ఒకే ఒక్క ఓటు గిబ్స్ నోటి నుంచి వచ్చిన ఆ నాలుగు ముక్కలు. బెర్లిన్‌లో మనిషిని ఎన్నుకునేటప్పుడు అడిగారు. లండన్‌లో అడగలేదు కాబట్టి అడగకుండానే చెప్పాడు. (గిబ్స్ తర్వాత బీబీసీ స్కాటిష్ ఆర్కెస్ట్రాకి లీడర్, అంటే మొదటి వయొలిన్ వాద్యకారుడు, అయ్యాడు. 1975 క్రిస్మస్ ముందురోజు రాత్రి స్కాట్లాండ్‌లోని మల్ ద్వీపంలో చిన్న విమానం ఎక్కి ఒంటరిగా ఎగిరాడు, తిరిగి రాలేదు. నాలుగు నెలలకి ఒక కొండవాలులో శవం దొరికింది. ఎలా జరిగిందో ఇప్పటికీ వాదిస్తున్నారు.)

తర్వాత కొన్నేళ్లు రికార్డింగులు మాత్రం సాగాయి. ఒప్పందాలున్నాయి కదా. 1960తో అవీ ఆగాయి. 1961, 62ల్లో కారాయాన్ బీథోవెన్ సింఫనీలన్నీ మళ్లీ రికార్డు చేశాడు, ఈసారి బెర్లిన్‌తో, వేరే కంపెనీకి. లండన్‌లో ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి వినేవాళ్లకి ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. నా వరకు నాకు పాతవే నచ్చుతాయి, అందులో ఊపిరాడే జాగా ఎక్కువ.

ఈలోగా లెగ్ చేరదీసిన ఇంకో కండక్టర్ ఓటో క్లెంపరర్. యూదు కుటుంబంలో పుట్టి 1933లో జర్మనీ వదిలిపోయినవాడు. మెదడులో కణితికి ఆపరేషన్ జరిగి ఒక పక్క సగం చచ్చుబడ్డవాడు. 1959లో ఫిల్హార్మోనియా ఆయన్ని జీవితకాల కండక్టర్‌గా పెట్టుకుంది. 1964 మార్చిలో లెగ్ ఉన్నట్టుండి ఆర్కెస్ట్రాని ఆపేస్తున్నానని ప్రకటించాడు. వాద్యకారులు ఒప్పుకోలేదు. తామే సభ్యులుగా, తామే యజమానులుగా న్యూ ఫిల్హార్మోనియా పెట్టుకున్నారు. పాత పేరు వాడుకునే హక్కు 1977లో గానీ తిరిగి రాలేదు. అధ్యక్షుడిగా ఉండమని క్లెంపరర్‌ని అడిగితే సరేనన్నాడు. అక్టోబర్ 27న, అంటే బీచమ్ కచేరీకి సరిగ్గా పందొమ్మిదేళ్లకి, ఆల్బర్ట్ హాల్లో ఆయన నాయకత్వంలో బీథోవెన్ తొమ్మిదో సింఫనీ వాయించారు.

ఇప్పుడు మూడు నిమిషాల ముక్క ఒకటి వినిపిస్తాను. 1954లో కారాయాన్ నడిపిన 'కవలేరియా రుస్తికానా' ఆపెరాలోని మధ్యభాగం. వెనక వినిపించే ఆర్గన్ వాయించింది డెన్నిస్ బ్రెయినే, ఆ రోజు హారన్ పక్కన పెట్టి. విన్నాక ప్రశ్నలకి వద్దాం.